ఏడో నంబరు బక్కెట్

నాకు వారానికి ఒక్క రోజే సెలవు. ఆ ఒక్క రోజు కూడా పొద్దున్నే లేచి, మా అమ్మను వెంటబెట్టుకుని, కూలిపోయిన స్నానశాల చూడటానికి బస్సెక్కాల్సి వచ్చిందంటే నా గ్రహపాటు అనుకోవాలి. ఆసుపత్రిలో దుప్పట్ల గదిలో నా ఉద్యోగం. చిరిగినవి కుట్టడం, ఉతికొచ్చినవి మడత పెట్టడం, మరకలు పోనివి ఏరి పక్కన పడెయ్యడం. ఆరు రోజులు నిలబడి చేసే పని. ఏడో రోజున నా కాళ్ళు నా మాట వినవు. ఆ రోజు మంచం దిగకుండా ఉండటమే నాకు తెలిసిన విహారయాత్ర.

అయినా వెళ్ళాను. మావయ్య కోసం వెళ్ళాను. అమ్మకు మాత్రం ఆ సంగతి చెప్పలేదు.

మావయ్య అమ్మకు సొంత తమ్ముడు. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఇద్దరికీ మాటల్లేవు. నా పెళ్ళికి వచ్చి వీధిలో నిలబడి, నన్ను చూసి వెళ్ళిపోయిన మనిషి. అత్తయ్య పోయినప్పుడు అమ్మ వెళ్ళింది కానీ, గుమ్మం దగ్గరే కూర్చుని, ఆయన మొహం చూడకుండా తిరిగొచ్చింది. వీళ్ళిద్దరి మధ్యా కబుర్లు మోసే పని నాది. అమ్మకు జ్వరమొస్తే ఆయనకు చెప్పాలి, ఆయన కాలు బెణికితే ఈవిడకు చెప్పాలి. చెప్పగానే ఇద్దరూ "నాకెందుకు చెబుతావ్, నేనేమన్నా అడిగానా?" అంటారు. చెప్పకపోతే ఊరుకోరు. ఇద్దరికిద్దరూ ముక్కు మీద కోపం ఉన్నవాళ్ళే. మధ్యలో నలిగేది నేను.

పోయిన బుధవారం మధ్యాహ్నం ఆయన దుప్పట్ల గది గుమ్మంలో ప్రత్యక్షమయ్యాడు. డెబ్బై ఒకటి దాటినా మనిషి నిటారుగానే ఉన్నాడు. కనుబొమలు మాత్రం వయసులో నిప్పు దగ్గర మాడిపోయినవి మళ్ళీ సరిగ్గా మొలవలేదు. వచ్చీ రాగానే అరచెయ్యి తీసి ఇనుప బీరువాకి ఆనించాడు. అది ఆయన అలవాటు. ఏ గదిలోకి వెళ్ళినా ముందు గోడకో తలుపుకో చెయ్యి ఆనించి, తర్వాత నోరు విప్పుతాడు.

పాత స్నానశాలను టికెట్ పెట్టి జనానికి చూపిస్తున్నారట. గదిగదికీ బోర్డులు పెడుతున్నారట. ఆ పని చూసే ఆఫీసు నుంచి ఒక అమ్మాయి పాత పనివాళ్ళను వెతుక్కుంటూ వచ్చి, రాసుకున్న కాగితం ఈయనకు చూపించిందట. పొయ్యి గది బోర్డు మీద చివరి వాక్యం ఆయనకు నోటికొచ్చేసింది. బాయిలర్ పనివాడి అజాగ్రత్త వల్ల ఇక్కడ జరిగిన ప్రమాదంలో ఒక ఉద్యోగిని చెయ్యి కాలింది. అదీ వాక్యం. పాత ఫైలులో ఉన్నదే దించారు.

"పేరు రాయరులే. కానీ ఆ పనివాడెవడో ఈ ఊళ్ళో తెలియనిదెవరికే?" అన్నాడు. "మా మనవరాలి బళ్ళో పిల్లలందర్నీ తీసుకొచ్చి చూపిస్తారంట. అది చదువుద్ది. కాలిన చెయ్యి మీ అమ్మది కాబట్టి, ఆవిడ వచ్చి వద్దంటే తీసేస్తానంది ఆ అమ్మాయి. ఆదివారం దాకానే టైముంది."

నాకు ఒళ్ళు మండింది. ఇరవై ఎనిమిదేళ్ళలో రాని రోషం ఒక బోర్డు చూస్తే వచ్చిందా అని అడిగేశాను. ఆయన బీరువా మీద చెయ్యి తీసి జేబులో పెట్టుకున్నాడు. గుమ్మం దిగబోయాడు. ఇక నాకు తిట్టబుద్ధి కాలేదు.

అసలు సంగతి చెప్పకపోతే వీళ్ళ పంతం ఎవరికీ అర్థం కాదు.

ఆ స్నానశాల ఎప్పుడో రాళ్ళతో, సున్నంతో కట్టింది. ఒకవైపు ఆడవాళ్ళకు, ఒకవైపు మగవాళ్ళకు, మధ్యలో మూరెడు మందం గోడ. కింద నేలమాళిగలో పొయ్యి గది. పాతకాలంలో కట్టెలు వేసేవారట, మా కాలానికి బాయిలర్ వచ్చింది. అమ్మ ఆడవాళ్ళ వైపు తొట్టి చూసుకునేది. మావయ్య కింద నీళ్ళు కాచేవాడు. కింద ఉన్నవాడికి పైన ఏం జరుగుతోందో కనిపించదు, కేకేసినా వినబడదు. అందుకని గోడలోంచి రెండు సన్నటి ఇనుప గొట్టాలు కిందికి దించారు, ఆడవాళ్ళ వైపుకి ఒకటి, మగవాళ్ళ వైపుకి ఒకటి. గొట్టం పక్కనే గొలుసుకి చిన్న సుత్తి వేలాడుతుండేది. ఒక దెబ్బ కొడితే ఇలాగే ఉండనీ అని. రెండు కొడితే తగ్గించు అని. మూడు కొడితే పెంచు అని.

బాయిలర్ మోతలో ఆ దెబ్బలు చెవికి ఆనవు. మావయ్య చేత్తో వినేవాడు. నిప్పు ఎగదోసే కడ్డీ కుడి చేతిలో ఉన్నా, ఎడమ అరచెయ్యి మాత్రం ఆడవాళ్ళ గొట్టం మీదే ఉండేది. పైన అక్క ఉందని కాబోలు. అరచేతికి తగిలిన దెబ్బలు లెక్కపెట్టి చక్రం తిప్పేవాడు. ఇరవై రెండేళ్ళు ఒక్కసారి కూడా లెక్క తప్పలేదని చెప్పుకునేవాడు, అమ్మ కూడా ఒప్పుకునేది.

ఆ చలికాలంలో ఒక పొద్దున తొట్టిలోకి నీళ్ళొచ్చే గొట్టం మూతికి ఎవరిదో గుడ్డ అడ్డంపడి నీళ్ళు సరిగ్గా రావడం లేదు. అమ్మ మోచెయ్యి ఆనించి చూసింది, వేడి ఎక్కువగా ఉంది. రెండు దెబ్బలు కొట్టింది. కాస్త ఆగి, తగ్గే ఉంటుందిలే అని కుడిచెయ్యి లోపలికి పెట్టి గుడ్డ లాగింది. మరుగుతున్న నీళ్ళు ఒక్కసారిగా తన్నుకొచ్చాయి. మోచేతి నుంచి వేళ్ళ దాకా తోలు ఊడిపోయింది.

విచారణలో అమ్మ కుండబద్దలు కొట్టినట్టు చెప్పింది, రెండే కొట్టానని. మావయ్య కూడా అంతే ఖచ్చితంగా, నా చేతికి మూడు తగిలాయని చెప్పాడు. గదిలో ఉన్న ఆడవాళ్ళు నలుగురు రెండే విన్నామన్నారు. ఈయనకు సాక్షులు లేరు. అజాగ్రత్త అని కాగితం మీద రాసి ఉద్యోగం తీసేశారు. ఆ తర్వాత ఒక గోడౌను దగ్గర కాపలాగా చేరి, అక్కడే ముసలివాడయ్యాడు. ఉద్యోగం పోయిన కోపంలో ఊరంతా తిరిగి, మా అక్క కంగారులో లెక్క తప్పి మూడు కొట్టింది, ఇప్పుడు ఒప్పుకోవడం లేదు అని చెప్పాడు. ఆ మాట అమ్మ చెవిన పడింది. చెయ్యి కాల్చాడన్న దానికంటే ఆ మాటకే అమ్మ తలుపు వేసేసుకుంది.

అమ్మ వేళ్ళు ఇక మడతపడలేదు. ఆమె ఉద్యోగమూ పోయింది. నాకప్పుడు పంతొమ్మిది. చదువు మానేసి దుప్పట్ల గదిలో చేరాను. రెండా మూడా అని వాళ్ళిద్దరూ కొట్టుకుంటుంటే నా బతుకు ఇలా తేలింది. ఆ మాట ఇద్దరిలో ఎవరితోనూ ఎప్పుడూ అనలేదు. అనాలని చాలాసార్లు అనిపించింది.

ఆడవాళ్ళ వైపు ఎలా ఉండేదో అడగడానికి ఆఫీసువాళ్ళు పిలిచారని అమ్మకు చెప్పాను. అది సగం నిజమే. మొదట నసిగింది, మోకాళ్ళన్నది, ఆ దిక్కుమాలిన కొంప మొహం చూడనన్నది. శనివారం రాత్రి మాత్రం ఉతికిన బట్టలు తీసి కుర్చీ మీద పెట్టుకుంది. బస్సులో ఉన్నంతసేపూ తన బక్కెట్ల గురించే చెప్పింది. చెక్క బక్కెట్లు పన్నెండు. ఒక్కోదానికి ఇనుప పట్టీలు రెండు, పై పట్టీ మీద ఉలితో కొట్టిన అంకె. ఎవరికి ఏ బక్కెట్ ఇష్టమో, ఏది కారేదో, ఏది పిల్లలు ఎత్తగలిగేదో అన్నీ గుర్తే. ఏడోది జారిపడి పగిలిపోయిందట. కుడిచేతి మీద శాలువా కప్పుకుని, ఎడమచేతి వేళ్ళ మీద లెక్కపెట్టింది. నేను కళ్ళు మూసుకుని ఊఁ కొడుతూ కూర్చున్నాను.

గేటు దగ్గరే గొడవ వినబడింది. ఇరవై రెండేళ్ళు దొడ్డిదారిన పోయినవాడిని, నాకు టికెట్ ఏంటని మావయ్య గేటు మనిషి మీద ఎగురుతున్నాడు. అమ్మ ఆగిపోయింది. నా వైపు తిరిగి, ఇందుకా తీసుకొచ్చావ్ అన్నట్టు చూసింది. ఆ చూపుకి నేను పంతొమ్మిదేళ్ళ పిల్లనైపోయాను. బోర్డు సంగతి అక్కడే చెప్పేశాను. నాకిక దాచే ఓపిక లేదు. వెళ్ళిపోతే వెళ్ళిపోదాం, నేను ఇంటికెళ్ళి పడుకుంటానన్నాను.

అమ్మ వెళ్ళలేదు. టికెట్ కొనమని నాకు సైగ చేసి లోపలికి నడిచింది.

లోపల ఏముంది? మూడు గుమ్మటాల్లో ఒకటి కూలిపోయింది. మిగిలినవాటి కన్నాల్లోంచి ఎండ నేల మీద పడుతోంది. తొట్టి అంచులు అరిగిపోయాయి, అడుగున ఎండుటాకులు. గోడలకు నాచు పట్టిన మచ్చలు అలాగే ఉన్నాయి. ఇంతమంది ఇన్నేళ్ళు ఒళ్ళు రుద్దుకున్న చోట గబ్బిలాల వాసన. అమ్మ తొట్టి దగ్గర నిలబడి, ఇంత చిన్నదా ఇది అంది. మావయ్య నాలుగడుగుల దూరంలో రాతి దిమ్మకు అరచెయ్యి ఆనించి నిలబడ్డాడు. ఇద్దరూ మధ్యలో నన్ను స్తంభంలా పాతుకుని, చెరో పక్కా చూస్తున్నారు.

ఆఫీసు అమ్మాయి మంచి పిల్ల. ఓపికగా అమ్మ చెప్పిందల్లా రాసుకుంది. తర్వాత మధ్య గోడ దగ్గరికి తీసుకెళ్ళింది. పోయిన వానలకు ఆ గోడ పైసగం పెచ్చులూడి పడిపోయింది. లోపలి గొట్టాలు రెండూ ఎముకల్లా బయటపడ్డాయి. రెంటినీ కలిపి చుట్టూ ఒక ఇనుప పట్టీ బిగించి ఉంది, మడిచిన కొసలు సుత్తితో అణగగొట్టి ఉన్నాయి. గొట్టాలు కదలకుండా పూర్వం వాళ్ళు ఎంత చక్కగా ఏర్పాటు చేశారో చూడండి, ఇది కూడా బోర్డులో రాస్తున్నాం అంది ఆ అమ్మాయి.

అమ్మ దగ్గరికి వెళ్ళింది. ఎడమచేతి బొటనవేలితో పట్టీ మీది సున్నం గీకింది. ఇంకా గీకింది. కొంగుతో తుడిచింది. చాలాసేపు అలాగే చూస్తూ నిలబడింది. కళ్ళు తిరుగుతున్నాయేమోనని నేను భుజం పట్టుకున్నాను. నా చెయ్యి విదిలించుకుంది.

"వాణ్ణి కిందికెళ్ళమను," అంది నాతో. ఆయన రెండడుగుల దూరంలోనే ఉన్నాడు. "ఆడవాళ్ళ గొట్టం మీద ఎడమ చెయ్యి పెట్టమను. ఎన్ని తగిలితే అన్ని అని అరిచి చెప్పమను."

మావయ్య ఎందుకని అడగలేదు. పట్టుకోవడానికి ఏమీ లేని ఆ మెట్లు, మోకాళ్ళ మీద చేతులు వేసుకుంటూ ఒక్కొక్కటే దిగాడు. ఆఫీసు అమ్మాయి జాగ్రత్తండీ అంటూ వెనకే టార్చి పట్టుకుని వెళ్ళింది. అమ్మ నేల మీంచి రెండు రాళ్ళు ఏరింది. ఒకటి నా చేతిలో పెట్టి, మగవాళ్ళ గొట్టం దగ్గర నిలబెట్టింది. నేను రెండు కొట్టగానే నువ్వు ఒక్కటి కొట్టు అంది.

అమ్మ రెండు కొట్టింది. నేను ఒకటి కొట్టాను.

నేల కిందనుంచి ముసలి గొంతు ఒకటి పైకొచ్చింది.

"మూడు."

మళ్ళీ కొట్టమంది అమ్మ. కొట్టాం. మళ్ళీ మూడు. ఈసారి నన్ను ఊరుకోమని తను మాత్రం కొట్టింది. రెండు అన్నాడు. అప్పుడు నాకూ అర్థమైంది. ఆ పొద్దున అక్కడ అమ్మ రెండు కొట్టింది. అదే క్షణాన గోడ అవతల ఎవరో ఇలాగే ఉండనీ అని ఒక్కటి కొట్టారు. పట్టీ ఆ ఒక్కదాన్నీ మోసుకెళ్ళి ఆయన ఎడమచేతిలో పెట్టింది. రెండూ నిజమే, మూడూ నిజమే. నాకు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. ఇరవై ఎనిమిదేళ్ళు ఇందుకా అనిపించి ఆ తొట్టి గట్టు మీదే కూలబడ్డాను.

మావయ్య పైకి రావడం నేనెప్పుడూ మరిచిపోను. ఆ మెట్లు ఎలా ఎక్కాడో తెలియదు, ఊపిరి అందడం లేదు, మొహం మాత్రం చిన్నపిల్లాడి మొహం. విన్నావా, మూడు, నేను చెప్పలేదూ, నా చెయ్యి తప్పలేదు అని నాతో, ఆఫీసు అమ్మాయితో, గోడతో, ఎవరితో పడితే వాళ్ళతో చెబుతున్నాడు. పట్టీ చేసిన పని ఇది, మా అక్క తప్పు కాదు, నా తప్పూ కాదు అన్నాడు. మా అక్క అన్నాడు. ఆఫీసు అమ్మాయి కాగితం తీసి ఆ వాక్యం కొట్టేసింది.

అక్కడితో ఆగిపోతే ఎవరికీ ఏ నష్టమూ లేదు. ఇద్దరూ గెలిచినట్టే. మా అమ్మ జన్మలో ఒక్కసారి కూడా తప్పు నాదని అన్న మనిషి కాదు. పాలు పొంగిపోతే పొయ్యిని తిడుతుంది. ఆ రోజు కూడా ఊరుకుంటే ఆమెను ఎవరూ ఏమీ అనేవారు కాదు.

"ఒరే, ఇలా రా," అంది.

ఇరవై ఎనిమిదేళ్ళ తర్వాత మొదటి మాట అది. ఆయన వచ్చాడు.

"దీని మీద ఏముందో చూడు."

ఆయన వంగి చూశాడు. కళ్ళు ఆనలేదు. వేలితో తడిమాడు. ఏడు అన్నాడు.

"నా ఏడో నంబరు బక్కెట్ పట్టీరా ఇది. ఆ వారమే తాపీమనిషి గోడకు మరమ్మతు చేశాడు. గొట్టాలు రెండూ ఒకదానికొకటి తగిలి గడగడమంటున్నాయి, జనం గోల పెడుతున్నారు, కట్టిపారెయ్యి అని నేనే చెప్పాను. కట్టడానికేం లేదన్నాడు. పగిలిన బక్కెట్ పట్టీ ఊడదీసి నేనే ఇచ్చాను. ఆ వారమంతా నీళ్ళు పిచ్చిపట్టినట్టు వచ్చాయి. నీకు పని మీద ధ్యాస లేదని తిట్టుకున్నాను."

ఆయన మొహంలో వెలుగు పోయింది. పట్టీ మీద చెయ్యి తియ్యకుండా అలాగే నిలబడ్డాడు. అయితే నా ఉద్యోగం... అన్నాడు. అమ్మ శాలువా జారి కుడిచెయ్యి బయటపడింది. సాధారణంగా ఎంత ఉక్కపోసినా ఆ చెయ్యి ఎవరికీ చూపించదు. ఆ రోజు కప్పుకోలేదు.

"ఇన్నాళ్ళూ నిన్నే అన్నాను," అంది. "తిట్టాలనుంటే తిట్టు. నేను వింటాను."

తిడతాడనే అనుకున్నాను. తిట్టినా ఆయన్ను తప్పుపట్టను. ఆయన పట్టీని వదిలి, వెళ్ళి తొట్టి గట్టు మీద నా పక్కన కూర్చున్నాడు. బాగా అలిసిపోయాడు. అందరం అలిసిపోయాం.

"నువ్వు రెండే కొట్టుంటావని నేను ఒక్కసారైనా అనుకోలేదక్కా," అన్నాడు చివరికి. "ఊరంతా తిరిగి నిన్ను అబద్ధాలకోరన్నాను. నీ చెయ్యి ఎలా ఉందని ఒక్కసారి వచ్చి అడగలేదు."

ఎలా ఉంది అని ఇప్పుడడిగాడు. చలికాలంలో లాగుతుంది అంది అమ్మ. ఇంకేం అడగాలో ఆయనకు, ఇంకేం చెప్పాలో ఈవిడకు తెలియలేదు. నాకు మాత్రం చెప్పాలనిపించింది, నా చదువు సంగతి. ఇద్దరి మొహాలూ చూసి మింగేశాను.

బోర్డు మీద ఇప్పుడేం రాయాలని ఆఫీసు అమ్మాయి అడిగింది. పట్టీ ఇచ్చింది ఆడవాళ్ళ వైపు పనిమనిషి అని రాయమంది అమ్మ. అదేం అక్కర్లేదన్నాడు మావయ్య. రాయాల్సిందే అంది. వద్దంటే వద్దన్నాడు. పది నిమిషాలు వాదించుకున్నారు. మాట్లాడుకోవడం మొదలుపెట్టి గంట కాలేదు, అప్పుడే పోట్లాట. ఆ అమ్మాయి బిక్కమొహం వేసుకుని నా వైపు చూస్తే, నాకేం తెలుసన్నట్టు చేతులు తిప్పాను. ఆఖరికి ప్రమాదం సంగతే లేకుండా, ఆడవాళ్ళ వైపు అంకెలు కొట్టిన బక్కెట్లు పన్నెండు ఉండేవని రాయించాడు మావయ్య. ఆ పట్టీ పూర్వం వాళ్ళ నైపుణ్యం కాదని, కొట్టెయ్యమని అమ్మ చెప్పింది.

తిరుగు బస్సులో జనం. అమ్మకూ నాకూ ముందు సీట్లో చోటు దొరికింది. మావయ్య ఎక్కడో వెనక నిలబడ్డాడు. ఆయన ఇల్లు అటువైపు కాదు. ఈ బస్సెందుకు ఎక్కాడని అమ్మా అడగలేదు, నేనూ అడగలేదు. కాసేపటికి వెనకనుంచి ఆయన గొంతు మొదలైంది. పక్కనున్న ఎవరికో తన చెయ్యి తప్పలేదని, ఇరవై రెండేళ్ళు ఒక్క లెక్క తప్పలేదని, ఉద్యోగం తీసేసినవాళ్ళకు బుద్ధి లేదని చెబుతున్నాడు. చెప్పేకొద్దీ గొంతు పెరుగుతోంది, కోపం పెరుగుతోంది. జనం తిరిగి తిరిగి చూస్తున్నారు. ఆ కోపం ఎవరి మీదో నాకు తెలుసు. అమ్మకూ తెలుసు. ఆమె తల వంచుకుని వింటూ కూర్చుంది.

మా సీటు పక్కనుంచి బస్సు వెనకదాకా ఒక ఇనుప కమ్మీ ఉంది. వెనక ఆయన పట్టుకుని నిలబడింది కూడా దాన్నే. అమ్మ శాలువాలోంచి కుడిచెయ్యి బయటికి తీసింది. మడతపడని ఆ వేళ్ళతోనే కమ్మీ మీద రెండుసార్లు కొట్టింది. ఆ రొదలో పక్కనున్న నాకే సరిగ్గా వినబడలేదు.

వెనక మావయ్య మాట మధ్యలో ఆగిపోయింది. నేను తిరిగి చూశాను. ఎడమ అరచెయ్యి కమ్మీకి ఆనించి, కళ్ళు మూసుకుని నిలబడి ఉన్నాడు. మా ఇల్లు వచ్చేదాకా ఆ చెయ్యి తియ్యలేదు.